సిలువల కోటలో మూడో పిలుపు

జుబైల్ దాటి సముద్రం పక్కనే ఇంకా పైకి పోతే, రోడ్డుకు కొంచెం ఎడంగా, ఇసుకలో సగం పూడిపోయిన పాత కోట ఒకటి ఉండేది. కోట అని అందరూ అనడమే గానీ అది ఎవరిదో, ఎవరు ఎవరికి భయపడి కట్టుకున్నారో చెప్పగలిగినవాళ్లు లేరు. గోడల మీద సిలువ గుర్తులు ఉన్నాయని మనవాళ్లు దానికి సిలువల కోట అని పేరు పెట్టారు. అక్కడి అరబ్బులు ఆ పేరు కూడా పెట్టలేదు. అటు చూపించాల్సి వస్తే వేలు చాచకుండా గడ్డం ఎగరేసి, వెంటనే బిస్మిల్లా అనుకునేవాళ్లు.

ఆ కోట గోడలు మాట్లాడతాయట.

రాళ్ల కోసం పోయిన కూలీలకు గోడలోంచి ఎవరో పాట చదువుతున్నట్టు వినిపించిందట. పారలూ గునపాలూ అక్కడే వదిలేసి, చెప్పులు చేతబట్టుకుని వచ్చేశారట. ఒక గొర్రెల కాపరి తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ లోపలికి పోయి పిలిచాడట. గొర్రె రాలేదు. కానీ లోపలినుంచి ఎవరో తిరిగి పిలిచారు... అతని గొంతుతోనే!

ఇవన్నీ గాలి మాటలే అనుకుందాం. రాయచోటి మాబున్నీకి జరిగింది మాత్రం గాలి మాట కాదు.

మాబున్నీ దూదేకులవాళ్ల ఆడబిడ్డ. బండల గనిలో మొగుడు పోయాక, కొడుకు దిలావర్‌నూ కూతురు తమన్నానూ అక్క రహమత్బీ ఇంట్లో వదిలిపెట్టి, ఖద్దామా వీసా మీద సౌదీకి, ఈ జుబైల్‌లోనే ఒక ఇంటిపనికి వచ్చింది. బయలుదేరే రోజు తమన్నా ఆమె కొంగు వదల్లేదు. "రెండు రంజాన్లు అయిపోతానే వచ్చేస్తా బంగారూ" అని వేళ్లు విడిపించుకుని బస్సెక్కింది.

వచ్చిందన్న మాటే గానీ, ఆమె ప్రాణం రాయచోటిలోనే ఉండిపోయింది. రాయడం రాదు కాబట్టి క్యాసెట్లలో మాట్లాడి పంపేది. ఆ క్యాసెట్ల నిండా జాగ్రత్తలే. తమన్నాకు ఎడమ చెవి కారుతుంది, తలకు పోసేటప్పుడు దూది పెట్టు. దిలావర్‌ను బావి గట్టు మీద కూచోనీయొద్దు. పిల్లకు రాత్రి పూట పెరుగు పెట్టొద్దు... అక్కడినుంచి తిరుగు క్యాసెట్ వస్తే మాటల కంటే ముందు వెనకాల చప్పుళ్లు వినేది. పిల్ల దగ్గుతున్నదా? ముక్కు చీదుతున్నదా? ఆ దగ్గు పొడిదా, కఫందా? ఒకే చోట టేపు వెనక్కి తిప్పి తిప్పి వినేది.

రెండు రంజాన్లూ అయిపోయాయి. ఆమెను పనికి తెచ్చుకున్న కఫీలు మంచివాడే, మాట ప్రకారం పాస్‌పోర్టు మీద ఖురూజ్ కొట్టించాడు. ఖురూజ్ అంటే దేశం విడిచి పోవడానికి ఇచ్చే ముద్ర. దానికి గడువు ఉంటుంది. ఆ గడువులోపల విమానం ఎక్కకపోతే అంతా మళ్లీ మొదటికి వస్తుంది.

సరిగ్గా అప్పుడు కువైట్ యుద్ధం మొదలైంది.

ఆ వైపు విమానాలు ఆగిపోయాయి. రాత్రి కాగానే సైరన్ మోగేది. కఫీలు ఇంటివాళ్లు కిటికీలకు టేపులు అంటించుకుని, ముఖానికి గొట్టాల మాస్కులు తగిలించుకుని ఒక గదిలో కూర్చునేవాళ్లు. మాబున్నీకి మాస్కు రాలేదు. తడిపిన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంటింట్లో గ్యాసుబండ పక్కన కూర్చునేది. ఆ తర్వాత ఒకరోజు వాళ్లంతా కారు నిండా సామాను వేసుకుని మక్కాలో బంధువుల ఇంటికి వెళ్లిపోయారు. పోతూ పోతూ మదాం పాస్‌పోర్టు చేతికిచ్చి, "దేవుడు నీకు దారి చూపిస్తాడు" అన్నది. కారులో మాత్రం చోటు చూపించలేదు.

దారి చూపించింది దేవుడో కాదో గానీ, మర్నాడు నీళ్ల ట్యాంకరు తోలుకుని అల్లాబకాష్ వచ్చాడు. వాడిది రాయచోటి పక్కనే. ఇంటి తొట్టిలోకి నీళ్ల గొట్టం వదిలి, గేటు సందులోంచి గుసగుసగా అన్నాడు.

"అక్కా, మా బండ్లన్నీ రియాద్‌కు తోలకరమ్మన్యారు. రేపు రాత్రికి పోతాండా. రియాద్ నుంచి మనోళ్లకు ఇమానాలు పోతాండాయంట. వస్తావా?"

"వస్తావా అని అడుగుతాండావా అబ్బీ! ఇప్పుడే ఎక్కమన్నా ఎక్కుతా."

"ఇప్పుడే ఎక్కితే ఇద్దర్నీ జైలుకు ఎక్కిస్తారు. పక్కింటి వాచ్‌మెన్ మనల్నే చూస్తాండాడు. నువ్వట్ల నవ్వాకు. నీళ్లు తక్కువ పోసినానని తిడతాండట్టు మొగం పెట్టు."

మాబున్నీ ముఖం ముడుచుకుంది. "యాడికి రావల్ల?"

"సిలువల కోట కాడికి."

ఈసారి ముఖం ముడుచుకోవాల్సిన పని లేకపోయింది. అదే పాలిపోయింది.

"బకాషూ... అది మంచి తావు గాదంటారే."

"మంచి తావుల్లో మనల్ని నిలబడనిస్తే గదక్కా! ఆడికైతే పోలీసోడు గూడా రాడు. రోడ్డు మీద నిలబడినావంటే మిలిట్రీ బండ్లోళ్లు చూస్తారు. గోడ సందులో కూచో. నేను లైట్లు ఆర్పుకోని వస్తా, హారన్ గొట్టను. సందు కాడికి దిగొచ్చి పిలుస్తా." వాడు గొంతు ఇంకా తగ్గించాడు. "ఊర్లో మాదిరే... మూడుసార్లు. మూడోదానికే పలుకు. అంతకుముందే పలుకు వచ్చిందంటే, అది నువ్వని నమ్మను నేను. నిలబడను గూడా."

మాబున్నీకి ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. వాళ్ల ఊళ్లల్లో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలిసిందే. రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకరు. రెండోదానికీ పలకరు. చీకట్లో తిరిగే దెయ్యానికి రెండుసార్లే పిలవడం చేతనవుతుందట, మూడోసారి పిలిచేది మనిషే. అట్లాగే, మూడు పిలుపులూ పూర్తి కాకముందే చీకట్లోంచి "ఆ" అని పలికితే... ఆ పలికింది కూడా మనిషి కాదు.

మర్నాడు ఇషా నమాజు వేళ దాటాక, మాబున్నీ పాస్‌పోర్టు రవికలో దోపుకుని, ఒక గుడ్డసంచి చంకన పెట్టుకుని వెనక గుమ్మంలోంచి బయటపడింది. సంచిలో తమన్నాకు కొన్న ఎర్ర గౌను, దిలావర్‌కు బూట్లు. మిగతా బట్టలన్నీ వదిలేసింది.

ఎక్కడా దీపం లేదు. బాంబుల భయానికి ఊరు ఊరంతా దీపాలు ఆర్పుకుని కూర్చుంది. సముద్రం వైపు నుంచి కిరసనాయిలు లాంటి కంపు. కువైట్ దగ్గర సముద్రంలోకి నూనె వదిలేశారని, అది కిందికి పారుకుంటూ వస్తున్నదని రెండు రోజులుగా చెప్పుకుంటున్నారు. ఒడ్డున ఏవో పక్షులు ముక్కుతూ మూలుగుతూ ఉన్నాయి. ఎగరలేని పక్షులు చేసే చప్పుడు అంతకుముందు ఆమె ఎప్పుడూ వినలేదు.

అన్ని దువాలూ అయిపోయాయి. వచ్చినవే మళ్లీ మొదటినుంచి చదువుకుంటూ నడిచింది.

కోట కనిపించింది. కనిపించడమంటే... ఆకాశంలో అంతమేర చుక్కలు లేవు.

మూలల్లో గుండ్రటి బురుజులు. రెండు ఎద్దులు పక్కపక్కన పడుకునేంత మందం గోడ. ఆ గోడలో మనిషి పక్కకు తిరిగితే గానీ దూరలేనంత సందు. లోపలికి పోతే ఆ సందు మోచేయి మాదిరి ఒక్కసారిగా పక్కకు తిరిగింది. ఆ మలుపులో కూర్చుంటే బయటివాళ్లకు కనపడదు. మాబున్నీ అక్కడే గోడకు ఆనుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆనుకున్న వీపుకు ఏదో గీరుకుంది. చెయ్యి వెనక్కి పెట్టి తడిమింది. నున్నటి గచ్చు. దాని మీద ఉబ్బెత్తుగా ఒక తీగ... తీగకు ఆకు... ఆకు కింద గుత్తిగా పళ్లు. ద్రాక్ష పళ్లు! ఎవరో ఒక్కొక్క పండునూ గోటితో నొక్కి నొక్కి చేసినట్టున్నారు. ఆ పక్కనే అడ్డంగా, నిలువుగా రెండు గీతలు. సిలువ.

చేయి ఠక్కున తీసేసుకుంది.

ఇంత అందంగా పళ్లు చేసుకున్న మనుషులు ఇంత మందం గోడలెందుకు కట్టుకున్నారు? వాళ్లకూ పిల్లలు ఉండి ఉంటారు. చీకటి పడితే పిల్లలను ఈ గోడల్లోకి తెచ్చి దాచుకుని ఉంటారు. వాళ్లంతా ఏమయ్యారు...

ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది.

రోడ్డు మీద మిలిటరీ బండ్లు వరసగా పోయాయి. భూమి అదిరింది, గోడలోంచి ఇసుక జలజలా రాలింది. మళ్లీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో చాలాసేపటికి ఒక ఇంజను నెమ్మదిగా వచ్చి ఆగింది. తలుపు తెరిచిన చప్పుడు. ఇసుకలో అడుగులు.

అడుగులు ఆగిపోయాయి.

"మాబున్నక్కా..."

లేవబోయింది. మళ్లీ కూర్చుంది. కాదు. ఇంకా కాదు.

ఆ సందులో గొంతు ఎటునుంచి వస్తున్నదో తెలియడం లేదు. బయటినుంచీ వచ్చినట్టుంది, లోపలినుంచీ వచ్చినట్టుంది. బకాష్ గొంతే. బకాష్ గొంతు మాదిరే ఉంది. మాదిరి ఉండటానికీ, అదే కావడానికీ మధ్య ఎంత దూరం ఉంటుంది?

"మాబున్నక్కా..."

రెండు.

ఒంటి మీది నల్ల అబాయా అంచు పళ్ల మధ్య పెట్టి కొరికింది. పిలువు నాయనా. ఇంకొక్కసారి పిలువు. ఆ ఒక్క పిలుపు కోసం ఆమె ప్రాణమంతా చెవుల్లోకి వచ్చి కూర్చుంది. రియాద్, విమానం, రాయచోటి బస్టాండు, రహమత్బీ వాకిలి, ఆ వాకిట్లో పిల్లలు... అన్నీ ఆ పిలుపు అవతలే ఉన్నాయి.

గాలి ఆగిపోయింది. పక్షులు కూడా ఆగిపోయాయి.

పిలవడం లేదే...

ఇది బకాషే అయితే? ఓపిక లేక పోతే? పోనీ పలికేస్తే? బకాష్ కాకపోతే? యా అల్లా, ఇది వాడే అయితే—

అప్పుడు వచ్చింది. మూడో పిలుపు. మెల్లగా, చాలా దగ్గరగా.

"ఆఁ... వస్తాండా! వస్తాండా!"

ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో లేచి పరిగెత్తింది. పిలుపు వచ్చిన వైపే పరిగెత్తింది. ఇరుకు సందు తెరుచుకుంది, తల మీద ఆకాశం వచ్చింది. కాళ్ల కింద ఇసుక. ఎదురుగా సగం విరిగిన స్తంభాలు. వాటి వెనక పక్కపక్కనే మూడు నల్లటి గుమ్మాలు.

రోడ్డు లేదు. బండి లేదు. బకాష్ లేడు.

ఆమె బయటికి కాదు... లోపలికి వచ్చింది.

వెనక, గోడ అవతల, ఎవరో కేక పెట్టారు. అడుగులు దబదబా పరిగెత్తాయి. తలుపు ధనేల్‌మని పడింది. ఇంజను అరిచింది.

"బకాషూ! ఒరే బకాషూ! నేనేరా!"

సందులో గోడలకు కొట్టుకుంటూ, మోచేతులు గీరుకుపోతూ వచ్చిపడింది. రోడ్డు మీదికి చేరేసరికి లైట్లు లేని ట్యాంకరు చీకట్లో చీకటై పోతున్నది. దాని వెనక పరిగెత్తింది. చెప్పు తెగింది. సంచి జారింది. మూడుసార్లు కాదు, ముప్పై సార్లు పిలిచింది. ఆ పిలుపులన్నిటికీ ఊళ్లోనుంచి సైరన్ ఒక్కటే బదులు పలికింది.

తెల్లారేటప్పటికి ఆమె జారిన సంచి ఏరుకుని, మళ్లీ అదే వంటింట్లో, అదే గ్యాసుబండ పక్కన ఉంది.

ఖురూజ్ గడువు దాటిపోయింది. యుద్ధం అయిపోయి, ఆకాశంలో నల్లపొగ తగ్గాక కఫీలు ఇంటివాళ్లు తిరిగొచ్చారు. మదాం కడుపుతో ఉంది. కాన్పు అయ్యేదాకా ఉండమన్నారు. తర్వాత బిడ్డ నడిచేదాకా అన్నారు. ఎవరి బిడ్డనో చంకనేసుకుని మాబున్నీ ఇంకో మూడు రంజాన్లు అక్కడే గడిపింది. నీళ్ల ట్యాంకరు మాత్రం మళ్లీ వేరేవాడు తెచ్చాడు.

ఆమె చివరికి రాయచోటిలో బస్సు దిగినప్పుడు, తమన్నా రహమత్బీ వెనక నక్కి చూసింది. "ఎవరమ్మా ఆయమ్మ?" అని అడిగింది. 'అమ్మా' అన్నది రహమత్బీని.

ఎర్ర గౌను ఎప్పుడో పొట్టిదైపోయింది.

ఏండ్లు గడిచాయి. తమన్నా నికా రోజున, షామియానా కింద భోజనాలు జరుగుతుండగా, తల నెరిసిన మనిషి ఒకడు స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. లోపలికి రావాలా వద్దా అన్నట్టు. పక్కన వాడి అల్లుడు జమాలుద్దీన్. వాడు కూడా సౌదీ నుంచి ఈమధ్యే వచ్చాడు.

మాబున్నీ చూసింది. చేతిలో తమలపాకుల తట్ట ఉంది. దాన్ని కింద పెట్టి ఎదురుగా పోయి నిలబడింది.

"వచ్చినావా బకాషూ? లైట్లు ఆర్పుకోని వచ్చినావా, ఏసుకోని వచ్చినావా?"

అల్లాబకాష్ ఆమె ముఖం కాదు, పాదాల వైపు చూశాడు. మనిషి పాదాలే అని తేల్చుకున్నాక అన్నాడు, "అక్కా... నువ్వు ఆ దినం రాలేదనుకున్యా."

"రాకుండానే పలికినానా? మూడోసారి పిలుస్తానే పలికితిని గదరా! ఎందుకురా ఇడిసిపెట్టి పోయినావు? నా బిడ్డ నన్ను ఆయమ్మా అన్యాదిరా..."

"మూడోసారా?"

వాడు కళ్లెత్తి చూశాడు.

"మూడోసారి యాడ పిలిచినానక్కా? నేను పిలిచింది రెండుసార్లే. మూడోసారి పిలుద్దామని నోరు తెరిచినా... అంతలోకే లోపలినుంచి 'వస్తాండా' అని పలుకు వచ్చె. ఏడుస్తా, నవ్వుతా! మూడు కాకముందే పలికితే అది నువ్వెట్లయితావు? నా పై ప్రాణం పైన్నే పోయింది. రియాద్ దాకా వెనక్కి చూడలే."

ఇద్దరూ ఊరి పద్ధతి తప్పలేదు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

నవ్వింది జమాలుద్దీన్.

"మామా, నువ్వు చెప్పేది ఆ సముద్రం పక్కనుండే సిలువల కోటేనా? నేను ఆడ ఇసుక తీసే పనిలో రెండేండ్లు ఉంటిని. అది కోట గాదు, చర్చి. వెయ్యేండ్ల నాటి మాటంట. సముద్రం దొంగలకు, ఎడారి దొంగలకు భయపడి, ప్రార్థన చేసుకునే తావుకే బురుజులు కట్టుకున్యారు. గుర్రం దూసుకురాకుండా దారిని వంకర తిప్పినారు. ఇప్పుడు చుట్టూ కంచె ఏసి, ఆ ద్రాక్ష తీగలకు అద్దాలు గూడా పెట్టినారు. ఇంకోటి ఇను. లోపలి గదిలో గోడ పైన వరసగా కుండలు పెట్టి కట్టినారు, మూతి బయటికి పెట్టి. పాట చదివితే గొంతు గుడి అంతా తిరగల్లని. నేనే ఒకసారి మావోన్ని పిలిస్తే, కొంచెం ఆగి నా గొంతే నా ఈపెనక నుంచి వచ్చె! ఆడ తవ్వకాలు చేయించే దొరోళ్లు ఇరగబడి నవ్వినారు. నీ రెండో పిలుపే తిరిగొచ్చింటాది మామా. అది అత్తకు మూడోదయింటాది. దెయ్యమూ లేదు, ఏమీ లేదు."

అల్లాబకాష్ కూలబడిపోయాడు. తలపాగా తీసి ముఖం కప్పుకుని ఏడ్చాడు, నవ్వాడు. "కుండలంటక్కా! కుండలు! ఇన్నేండ్లు... కుండలకు భయపడి నిన్ను సైతాను చేస్తినే!"

"ఊరుకో నాయనా. నీ తప్పేముండాది, నా తప్పేముండాది. లే, బువ్వ తిందువు రా."

ఆమె వాణ్ని లేపి బంతిలో కూర్చోబెట్టింది. విస్తట్లో తనే వడ్డించింది. వాడు చాలా ఏండ్ల తర్వాత తిన్నట్టు తిన్నాడు. మనసు తేలికైన మనిషిని మళ్లీ బరువెక్కించడం ఆమెకు చేతకాలేదు.

కుండలైతే ఇచ్చిన మాటనే తిరిగి ఇస్తాయి కదా. బకాష్ పిలిచింది "మాబున్నక్కా" అని.

ఆమె విన్న మూడో పిలుపు అది కాదు. ఆ పిలుపు "అమ్మా" అన్నది.

ఈ మాట ఆమె అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆశతో చెవులు చేసిన మోసం అనుకునేది.

పక్కనే పీట మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న రహమత్బీ అంతా విని నిట్టూర్చింది. ముసలితనంతో వంగిపోయింది గానీ జ్ఞాపకం వంగలేదు.

"ఆ యుద్ధం నాళ్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్దర పట్టదే మాబున్నీ. నీకు చెప్పలేదు గానీ, సముద్రంలో నూనె పోసినారని రేడియోలో చెప్తాండిరి చూడు, ఆ దినాల్లో ఈ తమన్నా పిల్ల రాత్రుల్లో నిద్దట్లో లేసి, గడపలో నిలబడి 'అమ్మా' అని నిన్ను పిలుస్తాండె. రోజూ అంతే. నేను ఎత్తకచ్చి పండబెడతాంటి. ఒక రాత్రి మాత్రం నేను లేసేలోపల తనే వచ్చి నా పక్కన పండుకున్యాది. 'ఏమ్మే' అంటే, నవ్వి, 'అమ్మ వస్తాండా అని పలికింది పెద్దమ్మా' అనె. ఆ రాత్రి తర్వాత ఇంక నిన్ను పిలవనే లేదు."